మెరవని డయల్

పాత ఆటోమేటిక్ వాచీ కొందామని అడిగేవాళ్లకి నేను ముందు చెప్పే మాట ఒకటే: మెరిసేదాన్ని పక్కన పెట్టండి. నలభై ఏళ్లు ఎవరి చేతికో ఉండి, చెమటా వానా చూసిన వాచీ డయల్ నిన్న రంగు వేసినట్టు ఉందంటే, దానికి ఎవరో రంగు వేశారనే అర్థం. అంచుల్లో కాస్త పసుపు తిరిగి, ఎక్కడో చుక్కంత మచ్చ పడి, ముళ్ల మీద పూత మసకబారినదాన్ని చేతిలోకి తీసుకోండి. దాని మీదున్న అక్షరాలు ఫ్యాక్టరీలో పడ్డవి. వాటిని చదవచ్చు. పాత వాచీ కొనడంలో నాకు ప్రాణమైన భాగం ఆ చదవడమే. డబ్బు ఇచ్చి తీసుకోవడం చివర్న జరిగే చిన్న పని.

తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవాళ్లకి సీకో 5 ని మించింది లేదని నా నమ్మకం. 1963లో జపాన్‌లో స్పోర్ట్స్‌మాటిక్ 5 పేరుతో మొదలైన వరస ఇది. పేరులోని 5 అంటే అయిదు హామీలు: కీ ఇవ్వకుండానే నడవడం, వారమూ తేదీ ఒకే కిటికీలో కనిపించడం, నీటికి తట్టుకోవడం, పక్కనుండే గుండీ నాలుగు గంటల దగ్గర లోపలికి ఒదిగి ఉండటం, కేసూ చైనూ గట్టిగా ఉండటం. 1969 డిసెంబరులో ఆస్ట్రాన్ అనే క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి తెచ్చి మర గడియారాల వ్యాపారాన్ని తలకిందులు చేసింది కూడా సీకోనే. అయినా సామాన్యుడి ఆటోమేటిక్‌ను అది వదల్లేదు. అంత విరివిగా తయారుచేసింది కాబట్టే ఇవాళ్టికీ అవి చవగ్గా దొరుకుతున్నాయి. విడిభాగం కావాలన్నా మరో పాడైన వాచీలోంచి తీసి వేయొచ్చు.

మన ఊళ్లకి ఇవి చాలావరకు గల్ఫ్ మీదుగా వచ్చాయి. కరీంనగర్ నుంచో కోనసీమ నుంచో కడప నుంచో దుబాయ్, కువైట్ వెళ్లినవాళ్లు సెలవుకి వస్తూ టేప్‌రికార్డరుతో పాటు తెచ్చిన వాచీ ఇది. బావమరిదికొకటి, పెళ్లికొడుక్కొకటి. అలా వచ్చినవాటిలో కొన్నిటికి వారం మార్చి చూస్తే ఇంగ్లీషు పేరు తర్వాత అరబ్బీలో పేరు వస్తుంది. అలాంటిది ఏ ఇంటి బీరువాలోంచైనా బయటపడితే, బజార్లో దొరికే పది వాచీల కన్నా దాన్నే నమ్ముతాను. ఎవరు తెచ్చారో, ఎన్నాళ్లు పెట్టుకున్నారో, ఎప్పుడు ఆగిందో చెప్పే మనిషి పక్కనే ఉంటారు.

చెప్పేవాళ్లు లేనప్పుడు వాచీనే అడగాలి. వెనక మూత తిప్పి చూస్తే 7009 లాంటి నాలుగంకెలు, గీత, మళ్లీ నాలుగు అక్షరాలో అంకెలో ఉంటాయి. మొదటి నాలుగూ లోపలి మెషీన్ రకం, తర్వాతివి కేసు రకం. అదే మూత మీద ఆరంకెల సీరియల్ నంబరు విడిగా ఉంటుంది. అందులో మొదటిది సంవత్సరపు చివరి అంకె, రెండోది నెల. అక్టోబరు, నవంబరు, డిసెంబరులకు అంకెల బదులు ఓ, ఎన్, డి అక్షరాలు వాడారు. 8 తర్వాత 6 ఉంటే ఎనిమిదితో ముగిసే ఏడాది జూన్. ఏ దశాబ్దం? ఆ సంగతి నంబరు చెప్పదు. 7009 మెషీన్ 1970ల రెండో సగంలో వచ్చింది కాబట్టి 1968 కాదు, 1978 కావాలి, లేదా 1988. ఇక కేసు రూపం, డయల్ మీది రాత చూసి రెండిట్లో ఒకటి తేల్చుకోవాలి. ఒక అంకెను పట్టుకుని ఇలా ఓ నెల దాకా వెళ్లడంలో ఉన్న ఆనందం నాకు మరే కొనుగోలులోనూ దొరకలేదు.

తర్వాత భూతద్దంతో డయల్ అడుగు అంచు, ఆరు గంటల దగ్గర చూడాలి. అక్కడ చీమ తలంత అక్షరాల్లో మెషీన్ నంబరు, డయల్ నంబరు ఉంటాయి. మూత మీది మొదటి నాలుగంకెలూ ఇక్కడివీ కలిస్తే సగం బెంగ తీరినట్టే. కలవకపోతే రెండు మూడు వాచీలు కలిసి ఒకటైందేమోనని అనుమానించాలి. అక్షరాలు అసలే లేకపోయినా, లావుగా అలుక్కుపోయి ఉన్నా, కిటికీ అంచున రంగు గడ్డకట్టి ఉన్నా అది మళ్లీ వేసిన డయల్. ఇలా మళ్లీ రంగేసి చిలకపచ్చ, నారింజ రంగుల్లో వెలిగిపోయే సీకోలను వాచీలు సేకరించేవాళ్లు బొంబాయి స్పెషల్ అంటారు.

ఆ రంగు వేసిన చేతుల మీద నాకు కోపం లేదు. నేను వాచీలు చూపించే మెకానిక్ ఓసారి మూత విప్పి, "మెషీన్ మంచిగుంది సార్. డయలే పాతగుంది. కొత్తగ చేయిస్తే మస్తు మెరుస్తది" అన్నాడు. "వద్దు భాయ్, దాన్ని ముట్టుకోవద్దు" అన్నాను. "ఇట్ల అడిగేటోళ్లు ఈ మధ్యనే వస్తున్నరు సార్. మునుపు అందరు మెరిపియ్యమనే ఇచ్చేటోళ్లు" అన్నాడు. నిజమే. మన ఉక్కకి, సముద్రపు గాలికి డయళ్లు త్వరగా పాడవుతాయి. ఉన్న ఒక్క వాచీ కొత్తగా కనపడాలనుకున్న మనిషికి ఆ పనివాడు న్యాయమైన సేవే చేశాడు. అదే డయల్‌ను ఇవాళ 'ఒరిజినల్' అని చెప్పి అమ్మేవాడిదే తప్పు. మన హెచ్‌ఎంటీకీ ఈ బెడద తగులుకుంది. సిటిజన్ సహకారంతో 1961లో బెంగళూరులో మొదలైన ఆ వాచీల విభాగాన్ని మూసేయాలని 2016లో కేంద్రం నిర్ణయించాక గిరాకీ పెరిగింది, దాంతో పాటే కొత్త రంగుల డయళ్లూ పుట్టుకొచ్చాయి.

చదవడం అయ్యాక వినాలి. లోపల రోటర్ అనే అర్ధచంద్రాకారపు బరువు చెయ్యి కదిలినప్పుడల్లా తిరుగుతుంది. దాని కింద రెండు కొక్కేల మీట ఉంటుంది. ఒక కొక్కెం లాగుతుంటే రెండోది తోస్తుంది. రోటర్ ఎటు తిరిగినా పళ్ల చక్రం మాత్రం ఒకే వైపు కదిలి స్ప్రింగు చుట్టుకుంటుంది. 1959లో సీకో తెచ్చిన ఈ ఏర్పాటు పేరు మ్యాజిక్ లీవర్. ఇంత తక్కువ భాగాలతో ఇంత పని చేయించిన ఆలోచన ముందు నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. 7009కి చేత్తో కీ ఇచ్చే వీలు లేదు. అడ్డంగా పట్టుకుని నెమ్మదిగా ఊపితే సెకన్ల ముల్లు కదలాలి. గంటకి 21,600 కొట్టుకోవడాలు, అంటే సెకనుకి ఆరు. చెవి దగ్గర పెట్టుకుంటే ఆ చప్పుడు తొట్రుపడకుండా రావాలి. గరగర వినిపిస్తే మూత విప్పించండి. మూత లోపలి వైపు వంపుగా గీతలు పడి ఉంటే రోటర్ వదులై రాసుకుంటోందన్నమాట.

టైము విషయంలో మరీ కచ్చితం కోరొద్దు. 1996లో వచ్చిన 7ఎస్26 మెషీన్‌కే రోజుకి 20 సెకన్లు వెనక, 40 సెకన్లు ముందు వరకూ సరేనని సీకో చెప్పింది. దానికన్నా పాతది నిమిషం లోపు తేడాతో నడిస్తే నేను సంతోషంగా పెట్టుకుంటాను. అమ్మేవాళ్లు 'సర్వీసింగ్ అయింది' అన్నా, కొన్న ధరలో సగమైనా సర్వీసింగ్‌కి తీసి ఉంచండి. ఆయిలు ఎండిపోయిన మెషీన్ నడుస్తూనే అరుగుతుంది. విప్పి, కడిగి, కొత్త ఆయిలు వేయించండి. మూత కింద రబ్బరు రింగు మార్పించండి. వారం, తేదీ మార్చే పని రాత్రి 9 నుంచి తెల్లవారి 4 దాకా పెట్టుకోవద్దు, ఆ వేళ పళ్లు చక్రాలను పట్టుకుని ఉంటాయి. ఇక వెనక 'వాటర్ రెసిస్టెంట్' అని ఎంత స్పష్టంగా రాసి ఉన్నా, స్నానానికి వెళ్లేటప్పుడు తీసి అలమరలో పెట్టాల్సిందే.