గోపాలమిత్ర ఎడమ చెయ్యి

ఆవు ఎదకొచ్చిందని ఫోన్ చేస్తే పశువులకు కృత్రిమ గర్భధారణ చేసే మా గోపాలమిత్ర ముందు అడిగేది ఒకటే: "జిగురు తీగ ఎప్పటి నుంచి వేస్తోందండీ?" పొద్దున మొదలైతే సాయంత్రం వస్తాడు. మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలోంచి తీసిన సన్నటి వీర్యపు స్ట్రాను గోరువెచ్చటి నీళ్లలో అర నిమిషం ఉంచి, తడి తుడిచి, గన్నులో పెడతాడు. అసలు పని ఎడమ చేతిది. భుజం దాకా తొడుగు వేసుకుని, పేడ వచ్చే దారిలోంచి పోనిచ్చి, పేగు గోడ మీదుగానే కిందనున్న గర్భాశయ ముఖద్వారాన్ని పట్టుకుంటాడు. చుట్టూ అంతా మెత్తన, అదొక్కటే గట్టిగా గుప్పిట్లో తగులుతుందట. లోపల మూడు నాలుగు వలయాల మెలికలు. అందుకే కుడిచేతిలోని గన్నును బలవంతంగా తోయడు, ఆ ముఖద్వారాన్నే మెల్లగా దానిమీదికి తొడుగుతాడు. చివరి వలయం దాటగానే ఆగిపోతాడు. ఇంకాస్త ముందుకెళితే గర్భాశయం రెండు కొమ్ములుగా చీలే చోటు దాటి, వీర్యమంతా ఒక కొమ్ములోకే పోతుంది. ఇదంతా చూడకుండా, తడుముతూ! ఆవు మాత్రం తవుడు నాకుతూనే ఉంటుంది. మూడు నెలలకు చూడి కట్టిందో లేదో తేల్చేదీ ఆ చెయ్యే. మా ఆవు కిందటి నెల ఈనింది. పెయ్యదూడ.