తొండి కాదు, సౌప్తికం

2023 ఆగస్టులో వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆటకి బ్లిజార్డ్ కంపెనీ హార్డ్‌కోర్ సర్వర్లు తెరిచింది. నియమం ఒక్కటే: చస్తే చచ్చినట్టే. మామూలు సర్వర్లలో చచ్చిన పాత్ర దెయ్యమై పరిగెత్తుకొచ్చి, తన శవం దగ్గరికి చేరి, మళ్ళీ లేచి కూర్చుంటుంది. ఇక్కడ అదేం లేదు. అరవయ్యో లెవెల్ దాకా వందల గంటలు పెట్టి పెంచుకున్న పాత్ర ఒక్క తప్పటడుగుకి పోతుంది. నెట్ పోయి చచ్చినా, సర్వర్ మొరాయించి చచ్చినా బతికించేది లేదని కంపెనీ ముందే రాసిపెట్టింది.

ఇది కంపెనీకి పుట్టిన ఆలోచన కాదు. అంతకు ముందే ఆటగాళ్ళు వాళ్ళంతట వాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు. చావుని వాళ్ళే కోరి తెచ్చుకున్నారు. ఎందుకంటే చావు లేని చోట కథ నడవదు. ఎన్నిసార్లయినా లేవగలిగే వీరుడు గుహలోకి వెళ్తుంటే మనం ఫోన్ చూసుకుంటాం. పోతే తిరిగిరానివాడు వెళ్తుంటే ఊపిరి బిగబట్టి చూస్తాం. వీడియో గేముల్ని సాహిత్యంలా చదవడం కుదరదు అనేవాళ్ళకి నేను మొదట చూపించేది ఈ హార్డ్‌కోర్‌నే. విషాదాంతానికి ఇంత దగ్గరగా వచ్చిన ఆట ఇంకోటి నాకు కనపడలేదు.

2025 మార్చిలో ఆ సర్వర్ల మీద డీడాస్ దాడులు జరిగాయి. స్ట్రీమర్లు కలిసి పెట్టుకున్న ఓన్లీఫాంగ్స్ అనే గిల్డ్ నలభై మందితో పెద్ద యుద్ధంలో ఉండగా సర్వర్ గడ్డకట్టింది. తెర మీద ఎవరూ కదల్లేకపోయారు. రాక్షసులు మాత్రం ఆగలేదు. మళ్ళీ లాగిన్ అయ్యేసరికి చాలామంది చచ్చిపడి ఉన్నారు. గిల్డ్ కథ ముగిసిందని నాయకుడు ప్రకటించేశాడు. తర్వాత కొద్ది రోజులకి బ్లిజార్డ్ మాట మార్చింది. ఇలాంటి దాడిలో చచ్చినవాళ్ళని బతికిస్తాం అంది.

ఈ సంఘటన మీద వచ్చిన రాతలన్నీ రెండే రకాలు. ఒకటి సైబర్ నేరం వార్త, రెండోది 'మాట తప్పారు' అనే గోల. ఆ చావులు ఏ రకం చావులు అని అడిగినవాళ్ళు తక్కువ. నాకు ఆసక్తి అక్కడే.

మన వీధి ఆటల్లో దీనికి దగ్గరగా ఒక మాట ఉంది, తొండి. గోళీలాటలో జానెడు దూరాన్ని బెత్తెడు చెయ్యడం, క్రికెట్‌లో బ్యాట్ తగిలినా తగల్లేదనడం, అష్టాచెమ్మాలో గవ్వని చిటికెన వేలితో తిప్పడం. తొండి చేసేవాడికి ఆట మీద గౌరవం లేదనుకుంటాం గానీ నిజానికి వాడంత నమ్మకస్తుడు ఇంకోడు లేడు. గెలుపు వాడికి కావాలి, అదీ ఆట లోపలే, అందరూ ఒప్పుకునేలా కావాలి. శకుని పాచికలు అంతే. పల్నాటి కోడిపందెంలో నాగమ్మ చేసిందని చెప్పే మాయ కూడా అంతే. పందెం ఫలితానికి రాజ్యం కట్టుబడుతుందని నమ్మింది కాబట్టే ఆ మాయ చేసింది. ఆన్‌లైన్ ఆటల్లో ఎయిమ్‌బాట్ పెట్టుకుని గురి తప్పకుండా కాల్చేవాడు ఈ జాతివాడు. లాగ్ స్విచ్ వాడేవాడూ అంతే. నెట్ కేబుల్ మధ్యలో ఒక స్విచ్ పెట్టుకుని, అవసరమైన క్షణంలో తన వైపు డేటా ఆపేస్తాడు. అవతలివాళ్ళకి వీడు నిలబడిపోయినట్టు కనిపిస్తాడు. ఈలోపు వాడు చక్కగా కాల్చుకుంటాడు. దొంగతనమే, కానీ ఆటలో దొంగతనం.

డీడాస్ చేసేవాడు వేరు. వాడికి గెలవాలని లేదు. ఓటమి అనేది జరగకూడదు, అంతే. బ్యాట్ నాది అని అవుటైన కుర్రాడు బ్యాట్ పట్టుకుని ఇంటికి పోవడం మనం చూసిందే. వీడు ఇంకో అడుగు ముందుకేసి గ్రౌండ్‌నే తవ్వేసి పోతాడు.

పద్ధతి తెలియనివాళ్ళ కోసం ఒక్క పేరా. మీ అడ్రస్ ఇచ్చి ఎవడో ఊళ్ళో ఉన్న ప్రతి హోటల్లోనూ క్యాష్ ఆన్ డెలివరీ మీద వందేసి బిర్యానీలు ఆర్డర్ చేశాడనుకోండి. మీ వీధంతా డెలివరీ బళ్ళు. హోటళ్ళ తప్పు లేదు, బళ్ళవాళ్ళ తప్పు లేదు. కానీ మీ ఇంటికి నిజంగా రావలసిన మనిషి సందు మొదట్లోనే ఇరుక్కుపోతాడు. నెట్‌వర్క్ దాడుల్లో ఒక ముఖ్యమైన రకం అచ్చంగా ఇదే: పంపినవాడి అడ్రస్ స్థానంలో మీ అడ్రస్ రాసి, ఇంటర్నెట్‌లో ఉన్న అమాయకపు సర్వర్లని చిన్న ప్రశ్నలు అడుగుతారు. అవి పెద్ద పెద్ద జవాబులు మీకు పంపుతాయి. దీనికి చదువేం అక్కర్లేదు. బూటర్ అని పిలిచే అద్దె సేవలున్నాయి, నెలకి రెండు మూడు సినిమా టికెట్ల ఖర్చు. తమని తాము 'స్ట్రెసర్' అని, అంటే సర్వర్ బలాన్ని పరీక్షించే సేవ అని చెప్పుకుంటాయి. 2022 డిసెంబర్‌లో అమెరికా ప్రభుత్వం ఒక్క దెబ్బకి ఇలాంటివాటి డొమైన్లు 48 స్వాధీనం చేసుకుంది. పేర్లు మార్చుకుని మళ్ళీ వస్తూనే ఉంటాయి.

ఓడిపోయేవాడి చేతిలో ఇది ఎలా పనిచేస్తుందో చూడాలంటే 2019 నాటి రెయిన్‌బో సిక్స్ సీజ్ మంచి ఉదాహరణ. ర్యాంకుల కోసం ఆడే మ్యాచుల్లో, ఓటమి ఖాయమని తెలిసిన జట్టులో ఒకడు సర్వర్ మీద దాడి కొట్టించేవాడు. సర్వర్ నత్తనడక నడిచేది. ఎదుటి జట్టువాళ్ళు విసుగెత్తి బయటికి పోతే, మ్యాచ్ మధ్యలో వదిలేసిన పాపం వాళ్ళకే చుట్టుకునేది. గెలుస్తున్నవాళ్ళకి శిక్ష, ఓడుతున్నవాడికి ర్యాంకు! యుబిసాఫ్ట్ కంపెనీ చేసిన మొదటి పనుల్లో ఒకటి చాలా చిన్నది. ఒక్కో సర్వర్ మీద మూడేసి మ్యాచులు నడిపేది, దాన్ని ఒకటికి తగ్గించింది. ఒకడి అక్కసుకి సంబంధం లేని ఇంకో ఇరవై మంది బలి కాకుండా అన్నమాట. ఇలాంటి మరికొన్ని మార్పులతో దాడులు 93 శాతం తగ్గాయని ప్రకటించింది. 2020 జనవరిలో ఒక బూటర్ నడిపేవాళ్ళ మీద కోర్టుకీ వెళ్ళింది.

ఇదంతా చదువుతుంటే నాకు పదేపదే గుర్తొచ్చింది తిక్కన సౌప్తిక పర్వం. భారతంలో చిన్న పర్వం. పద్దెనిమిది రోజుల యుద్ధం అయిపోయాక మొదలవుతుంది, అందుకే చాలామంది దాన్ని అనుబంధంలా చదివి దాటేస్తారు. నా లెక్కలో మాత్రం ఓడిపోవడం చేతకాని మనిషి గురించి ఇంత నిర్దాక్షిణ్యంగా చెప్పిన కథ మనకి మరొకటి లేదు.

యుద్ధం ముగిసింది. దుర్యోధనుడు తొడలు విరిగి పడి ఉన్నాడు. కౌరవుల వైపు మిగిలింది ముగ్గురు: అశ్వత్థామ, కృపుడు, కృతవర్మ. మిగతా ఇద్దరూ మర్రిచెట్టు కింద నిద్రపోతారు. అశ్వత్థామకి నిద్ర పట్టదు. ఆ చెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపడం చూస్తాడు. ఐడియా అక్కడ దొరుకుతుంది. మేనమామ కృపుడు చెప్పేది ఎంత మామూలు మాటో చూడండి: ఈ రాత్రికి పడుకో, పొద్దున్నే లేచి యుద్ధం చేద్దాం. అంటే రీమ్యాచ్. అశ్వత్థామకి అక్కర్లేనిది అదే. పొద్దున ఆడితే మళ్ళీ ఓడిపోవచ్చు.

అయితే అతని కోపం ఉత్తి కోపం కాదు. తండ్రి ద్రోణుణ్ణి అబద్ధమాడి, ఆయుధం దింపించి చంపారు. అవతలివాళ్ళు తొండి చేశారు, అది నిజం. ఓడిన ప్రతివాడి నోటా వినిపించే 'వాళ్ళు హ్యాక్ వాడార్రా' అనే మాటకి మూలపురుషుడు అశ్వత్థామే, అతని దగ్గర రుజువులు కూడా ఉన్నాయి. మహాభారతం గొప్పదనం ఏమిటంటే ఆ ఫిర్యాదుని కొట్టిపారెయ్యదు. ఫిర్యాదు నిజమైనా సరే, చేసిన పని అదే అవుతుందని చూపిస్తుంది.

శిబిరంలో అతను చేసే పనుల్లో ధృష్టద్యుమ్నుడి చావు చూడండి. కనీసం ఆయుధంతో చంపు, వీరులు పోయే లోకానికి పోతాను అని అడుగుతాడు. అశ్వత్థామ ఒప్పుకోడు. కాళ్ళతో తన్ని తన్ని చంపుతాడు. ప్రాణం తియ్యడం చాలదు, ఆ చావుకి యుద్ధంలో చావు అనే పేరు కూడా దక్కకూడదు. హార్డ్‌కోర్ సర్వర్ మీద జరిగింది నా దృష్టిలో ఇదే. డ్రాగన్ చేతిలో పోయిన పాత్రకి ఒక కథ ఉంటుంది, స్నేహితులు చెప్పుకుంటారు. గడ్డకట్టిన తెర మీద పోయిన పాత్రకి చెప్పుకోవడానికి కూడా ఏమీ మిగలదు. అటు శిబిరం ద్వారం దగ్గర కృపుడూ కృతవర్మా నిలబడి పారిపోయేవాళ్ళని నరుకుతుంటారు. మ్యాచ్ వదిలి బయటికి పోయినవాడికి పెనాల్టీ వేసే సీజ్ సర్వర్ నాకు ఇక్కడ గుర్తొచ్చింది. కృపుడు నీతి చెప్పినవాడే, తెల్లారకుండానే ఆ గేటు కాపలా కూడా చేశాడు.

తర్వాత బ్రహ్మశిరోనామకాస్త్రం. అర్జునుడూ వేస్తాడు, అశ్వత్థామా వేస్తాడు. వెనక్కి తీసుకోమంటే అర్జునుడు తీసుకోగలిగాడు. అశ్వత్థామకి ప్రయోగించడం వచ్చు, ఉపసంహరించడం రాదు. రోల్‌బ్యాక్ లేని డిప్లాయ్‌మెంట్. రాత్రి రెండింటికి ఫోన్ మోగే ఉద్యోగం చేసే నాలాంటివాళ్ళకి వెన్ను జలదరించే చోటు ఇది. ఆ అస్త్రాన్ని ఎక్కడో ఒకచోటికి పంపాలి కాబట్టి పాండవ స్త్రీల గర్భాల మీదికి మళ్ళిస్తాడు.

మిరాయ్ కథ ఇక్కడ చెప్పుకోవాలి. మైన్‌క్రాఫ్ట్ సర్వర్ల వ్యాపారంలో పోటీదారుల్ని పడగొట్టే లోకంలోంచి వచ్చిన ముగ్గురు అమెరికన్ కుర్రాళ్ళు 2016లో దాన్ని తయారుచేశారు. పాస్‌వర్డ్ మార్చకుండా వదిలేసిన కెమెరాలు, రౌటర్లు వెతికి, అరవై పైచిలుకు తయారీనాటి పాస్‌వర్డ్‌లు వరసగా ప్రయత్నించి, లక్షల పరికరాల్ని సైన్యంగా మార్చుకునే ప్రోగ్రామ్ అది. పోలీసులు దగ్గరికొస్తున్నారనిపించగానే సోర్స్ కోడ్ మొత్తాన్ని బయట పారేశారు. అస్త్రం ఇక ఎవరి చేతికైనా దొరుకుతుంది. అదే ఏడాది అక్టోబర్ 21న ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌ని ఆడకుండా చెయ్యాలని ఇంకెవరో దాంతో కొట్టిన దెబ్బ డిన్ అనే కంపెనీ మీద పడి, ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో గంటల తరబడి అందకుండా పోయాయి.

ఆండీ గ్రీన్‌బర్గ్ 2023 నవంబర్‌లో వైర్డ్ పత్రికలో ఆ ముగ్గురి మీద 'ది మిరాయ్ కన్ఫెషన్స్' అని పెద్ద కథనం రాశాడు. చదివించే రచన. సాంకేతిక విషయాన్ని ఇంత తేటగా, నవలలా చెప్పినవాళ్ళు తక్కువ. కానీ దాని మలుపులన్నీ మనకి ముందే తెలిసిన దారిలో పోతాయి: తెలివైన కుర్రాళ్ళు, చీకటి దారి, పశ్చాత్తాపం, చివరికి ఎఫ్‌బీఐకి సాయం చేసి మంచివాళ్ళవడం. కోర్టు వాళ్ళకి జైలు వెయ్యలేదు, అయిదేళ్ళ ప్రొబేషన్, 2500 గంటల సమాజ సేవ వేసింది. దాన్ని తప్పుపట్టను, ఆ వయసు కుర్రాళ్ళని జైల్లో కుళ్ళబెట్టి సాధించేదేమీ లేదు. నా పేచీ కథ చెప్పిన తీరుతో. అశ్వత్థామ తల మీది మణిని పీకేసి, మూడువేల ఏళ్ళు ఒంటరిగా తిరగమని పంపేశారు. వీళ్ళ మణిని ఎఫ్‌బీఐ ఊడదియ్యలేదు, తన పనికి వాడుకుంది. కథకుడి చూపు కూడా ఆ మణి మెరుపు మీదే నిలిచిపోయింది. ఆ రాత్రి శిబిరంలో పడుకున్నవాళ్ళు, అంటే ఆడుకుంటున్న మామూలు పిల్లలు, అంకెలుగా తప్ప కనపడరు. సౌప్తిక పర్వం కూడా హంతకుడి వెనకాలే నడుస్తుంది, నిజమే. కానీ తెల్లారాక ద్రౌపది దగ్గరికి వెళ్తుంది. గ్రీన్‌బర్గ్ కథనానికి ఆ తెల్లారడం లేదు.

ఇక బతికించడం సంగతి. బ్లిజార్డ్ చేసింది న్యాయమే అంటాను. ఆటలో లేని శత్రువు చేతిలో చావు ఆట లెక్కలోకి రాకూడదు. కానీ దాంతో హార్డ్‌కోర్‌లో ప్రతి చావుకీ ఒక అప్పీలు పుట్టింది. తెర చీకటైన ఆ మొదటి క్షణంలో 'పోయాడు' అనుకునే బదులు 'టికెట్ రెయిజ్ చెయ్యొచ్చా' అనుకుంటారు. దాడి చేసినవాడు చంపిన పాత్రలకంటే ఈ నష్టం పెద్దది. దీన్ని ఏ సపోర్ట్ టీమూ బాగుచెయ్యలేదు. భారతంలోనూ కృష్ణుడు ఉత్తర కన్న బిడ్డని బతికించాడు. తన సత్యాన్ని, ధర్మాన్ని పణంగా పెట్టి, ఒక్కణ్ణి. నిద్రలో చచ్చిన ఉపపాండవుల్ని బతికించలేదు. ఎందుకు అంటే వంశం నిలబడాలి కాబట్టి, అంతకు మించి జవాబు లేదు. కథ ఆ అన్యాయాన్ని దాచుకోకుండా అలాగే వదిలేసింది. బ్లిజార్డ్ ప్రకటన అలా వదలదు, నియమంగా మారుస్తుంది: ఆట మీద బయటివాళ్ళు కావాలని జరిపిన దాడిలో మూకుమ్మడిగా పోయినవాళ్ళకి వర్తిస్తుంది, ఒక్కొక్కళ్ళ నెట్ సమస్యలకి వర్తించదు.

అంటే కూకట్‌పల్లిలో వానకి కరెంటు పోయి, రౌటర్ ఆరిపోయి, గుహ మధ్యలో నిలబడిపోయినవాడి పాత్ర ఆ జాబితాలోకి రాదు. అలా పోయినవాళ్ళకి కంపెనీ మొదట్నుంచీ ఇచ్చే సౌకర్యం ఒకటుంది. పాత్రని ఉచితంగా మామూలు సర్వర్‌కి మార్చుకోవచ్చు. అక్కడ ఎన్నిసార్లయినా చావచ్చు.