వెన్నుపలక, గాలిరెక్క : గుణదోష విచారణ

పల్లెటూరి బావిలో ఈత నేర్చుకొను పిల్లవాని వీపునకు బెండ్లు కట్టుట తెలుగుదేశమున చిరకాలముగా నున్న అలవాటు. ఎండిన సొరకాయ బుర్రలు కట్టువారును కలరు. బెండు నడుము క్రిందికి జారినచో పిల్లవాని కాళ్లు పైకి లేచి తల నీటిలోనికి వంగును. మెడ దగ్గరకు జరిగినచో కాళ్లు దిగజారును. బెండు ఎంత పెద్దది అను ప్రశ్న ఎంత ముఖ్యమో, అది శరీరమున ఏ చోట నున్నది అను ప్రశ్నయు అంత ముఖ్యమని ఆ పిల్లవాడు ఏ పుస్తకమును చదువకయే గ్రహించును. స్కూబా డైవర్లు నేడు మోజుతో కొనుచున్న వెన్నుపలక, గాలిరెక్కల జోడును విమర్శించుటకు ఈ రెండు ప్రశ్నలే చాలును.

వెన్నుపలక యనగా ఉక్కుతో గాని అల్యూమినియముతో గాని చేసిన మందపాటి రేకు. అది వీపునకు ఒదుగునట్లు నడుమ పొడవునా వంచబడి యుండును. దాని చీలికలలో నుండి సుమారు 5 సెంటీమీటర్ల వెడల్పుగల నైలాను పట్టీని ఒకే పొడవుగా దూర్చి, భుజములమీదుగా నడుమునకు తెచ్చి బిగింతురు. మరియొక పట్టీ కాళ్లనడుమ నుండి వచ్చి నడుము పట్టీతో కలియును. పలకకును సిలిండరుకును మధ్య గుర్రపులాడము ఆకారముననో, వలయాకారముననో ఒక గాలిసంచి అమర్చబడి యుండును. గాలి నింపినపుడు అది సిలిండరుకు ఇరుప్రక్కల విచ్చుకొనును గనుక దానికి రెక్క యని పేరు వచ్చినది. సాధారణముగా శిక్షణ కేంద్రములలో ఇచ్చు జాకెట్టు ఛాతీని, ప్రక్కలను చుట్టుకొనును. రెక్క వీపుమీదనే యుండును. ముఖ్యభేదము ఇదియే.

ఈ పరికరము పుట్టిన చోటు తెలిసినగాని దాని గుణదోషములు తెలియవు. 1943లో ఫ్రాన్సు దేశమున కూస్తో, గాన్యాన్ అనువారు రూపొందించిన శ్వాసపరికరముతో డైవరు చేపవలె స్వేచ్ఛగా తిరుగుట సాధ్యమైనది. ఆ తొలిదినములలో తేలుటకు, మునుగుటకు నడుమునకు కట్టిన సీసమును, తన ఊపిరితిత్తులును తప్ప అతనికి వేరు సాధనము లేదు. 1961లో మోరిస్ ఫెంజీ మెడకు తగిలించు గాలిసంచికి పేటెంటు పొందెను. తరువాతి దశాబ్దమున జాకెట్లు వచ్చినవి. లోహపు వెన్నుపలక మాత్రము అమెరికాలోని ఉత్తర ఫ్లారిడాలో, నీటితో నిండిన సున్నపురాతి గుహలలో ఈదువారి అవసరమునుండి పుట్టినది. దానిని 1979లో గ్రెగ్ ఫ్లానగన్ తయారుచేయగా, విలియం హోగార్త్ మెయిన్ దానికి మెరుగులు దిద్దెనని చెప్పుదురు.

ఆ గుహల అడుగున మెత్తని ఒండ్రు పేరుకొని యుండును. డైవరు కాళ్లు క్రిందికి వ్రేలాడి, ఒక్క తాపు ఒండ్రునకు తగిలినచో నీరు మసకబారి దారి కనపడదు. పైకి లేతమన్నను నెత్తిమీద రాతికప్పు. కనుక అచట శరీరమును నేలకు సమాంతరముగా నిలుపుట అందమునకు గాక ప్రాణమునకు సంబంధించిన విషయము. పైగా వారు వీపున రెండేసి బరువైన ఉక్కు సిలిండర్లను మోయుదురు. ఆ బరువును నిలబెట్టుటకు గట్టి పలకయు, పెద్ద రెక్కయు కావలసి వచ్చెను.

నేడు ఇదే పరికరము ఒక్క సిలిండరుతో, పలుచని దుస్తులతో, పగడపు దిబ్బలపై చేపలను చూడబోవు వినోదయాత్రికునకు అమ్మబడుచున్నది. గుహలో పుట్టిన గుణములలో ఏవి బయటి సముద్రమునకు వర్తించును, ఏవి వర్తించవు? విమర్శకుడు తేల్చవలసినది ఇది.

మొదట గుణములు. మనుష్యశరీరమున అన్నిటికంటె తేలిక భాగము ఛాతీ; గాలితో నిండిన ఊపిరితిత్తులు అచట నున్నవి. డైవరు సీసమును నడుమునకు కట్టుకొనినపుడు ఛాతీ వద్ద పైకి లేపు బలమును, నడుము వద్ద క్రిందికి లాగు బలమును ఏర్పడును. ఈ రెండును ఒకే నిలువురేఖపై లేవు గనుక శరీరము తిరుగును, కాళ్లు దిగును. అట్లు ఏటవాలుగా ఈదువాడు నీటిని ఎక్కువ వైశాల్యముతో త్రోయవలసి యుండును, ఎక్కువ శ్రమపడును, ఎక్కువ గాలి పీల్చును. అతని కాలితెడ్లు పగడములను విరుగగొట్టును. వెన్నుపలక బరువు సరిగా ఊపిరితిత్తులపైననే యుండును గనుక ఆ త్రిప్పుబలము తగ్గును. ఈ గుణము గుహలోను, బయటను సమానమే. ఋషికొండ వద్ద నేర్చుకొనువానికిని, ఫ్లారిడా గుహలో ఈదువానికిని భౌతికశాస్త్ర మొక్కటియే గదా!

రెండవ గుణము నిరాడంబరత. జాకెట్టులోని మెత్తలు స్వయముగా కొంత తేలును. వాటిని ముంచుటకు అదనముగా సీసము కట్టవలెను. తేలుటకు మెత్త, మెత్తను ముంచుటకు సీసము, సీసమును తేల్చుటకు గాలి! ఈ వృథాప్రయాస పలకకు లేదు. గాలి నింపినపుడు జాకెట్టువలె రెక్క ఛాతీని నొక్కదు. పాడైన భాగమును మాత్రమే మార్చుకొనవచ్చును.

ఇక లెక్క. సుమారు 2.7 కిలోగ్రాముల ఉక్కుపలకను తీసికొందురు గాక. ఉక్కు సాంద్రత నీటికి దాదాపు 7.9 రెట్లు. ఆర్కిమెడీస్ సూత్రము ననుసరించి అది సముద్రజలమున సుమారు 0.35 కిలోగ్రాముల బరువు కోల్పోయి 2.35 కిలోగ్రాములుగా తూగును. 0.9 కిలోగ్రాముల అల్యూమినియము పలక, సాంద్రత 2.7 మాత్రమే గనుక, నీటిలో 0.56 కిలోగ్రాములుగా తూగును. భూమిపై రెంటి భేదము 1.8 కిలోగ్రాములు, నీటిలోను అది దాదాపు అంతే.

వినోదయాత్రికులు విరివిగా వాడు 11.1 లీటర్ల అల్యూమినియము సిలిండరు సంగతి విచిత్రమైనది. 207 బార్ల పీడనమున అందుండు గాలి బరువు సుమారు 2.7 కిలోగ్రాములు. నిండుగా నున్నపుడు ఆ సిలిండరు సముద్రజలమున 0.7 కిలోగ్రాముల బరువుతో మునుగును. ఖాళీ యైనపుడు 2 కిలోగ్రాముల బలముతో తేలును. అనగా ఉక్కుపలక బరువు ఖాళీ సిలిండరు తేలికను దాదాపు సరిచేయును. కనుక అల్యూమినియము సిలిండరు, పలుచని దుస్తులు గల ఉష్ణదేశపు డైవరునకు ఉక్కుపలక చక్కని జోడు. సిలిండరు కూడ ఉక్కుదైనచో అది ఖాళీయైనను మునుగునదే కావచ్చును. అట్టివాడు పలుచని దుస్తులతో ఉక్కుపలకయు ధరించినచో సీసము ఒక్క గ్రాము లేకున్నను బరువు మించిపోవును. అతనికి అల్యూమినియము పలకయే తగినది. ఉక్కే శ్రేష్ఠమని గాని, అల్యూమినియమే శ్రేష్ఠమని గాని గట్టిగా వాదించువారు ఈ చిన్న కూడికను చేయకనే వాదించుచున్నారు.

రెక్క ఎంత పెద్దది కావలెను? రబ్బరు నురుగు దుస్తులు ఉపరితలమున 2 కిలోగ్రాముల బలముతో తేలుచున్న వనుకొందురు గాక. 30 మీటర్ల లోతున పీడనము నాలుగు రెట్లు. బాయిల్ నియమము ప్రకారము ఆ తేలిక సుమారు అర కిలోగ్రామునకు దిగును, నష్టము 1.5 కిలోగ్రాములు. దీనికి సిలిండరులోని గాలి బరువు 2.7 కలిపినచో 4.2 కిలోగ్రాములు. ఉపరితలమున తల నీటిపై నిలుచుటకు ఇంకొక నాలుగైదు కిలోగ్రాములు చేర్చినను మొత్తము సుమారు 9 మాత్రమే యగును. డైవరు పరికరమును విప్పి నీటిపై వదలినపుడు అది మునుగకుండుట రెండవ పరీక్ష: పలక 2.35, నిండు సిలిండరు 0.7, తక్కిన సరంజామా 1.5 అనుకొనినచో 4.6 కిలోగ్రాములు. ఏ విధముగా చూచినను ఒంటి సిలిండరుకు, ఉష్ణసముద్రమునకు 9 మొదలు 14 కిలోగ్రాములను లేపు రెక్క చాలును.

అయినను ఇరువది కిలోగ్రాములకు మించి లేపు రెక్కలను కొనువారు కలరు. పెద్దదైనచో క్షేమమని వారి నమ్మకము. ఇది ఈ విషయమున ప్రబలియున్న భ్రమలలో అతి ప్రమాదకరమైనది. అవసరమునకు మించిన సంచి ఒంటి సిలిండరు చుట్టును ముడుచుకొనును. గాలి ఒక ప్రక్క చిక్కుకొని డైవరును ఒరగించును. అంతకంటె ముఖ్యమైనది మరొకటి. గాలి నింపు మీట ఇరుక్కొని సంచి పొంగినచో డైవరు పైకి లేచును. లేచినకొలది పీడనము తగ్గి సంచిలోని గాలి వ్యాకోచించును. వ్యాకోచించినకొలది వేగము పెరుగును. సంచి ఎంత పెద్దదైన ఈ విషవలయము అంత బలమైనది. త్వరగా పైకి వచ్చువానికి ఊపిరితిత్తులు చిట్లవచ్చును. రక్తమున కరిగిన నత్రజని బుడగలై వ్యాధి కలిగించవచ్చును.

ఇక పలక దోషములు. సీసపు పట్టీని అవసరమున విప్పి పారవేయవచ్చును. వీపునకు బిగించిన ఉక్కుపలకను పారవేయలేరు. రెక్క చిరిగినచో 30 మీటర్ల లోతున పై లెక్కలోని 4.2 కిలోగ్రాములను కాళ్లబలముతో ఈడ్చుకొని రావలెను. చలిసముద్రములలో ధరించు మందపాటి దుస్తులు 9 కిలోగ్రాముల తేలిక గలవైనచో, అదే లోతున వాటి నష్టము 6.75, గాలి బరువుతో కలిసి దాదాపు 9.5 కిలోగ్రాములు. దానిని కాళ్లతో ఈడ్చుట సాహసము. అట్టివారు బరువులో కొంత భాగమైనను విడిచివేయుటకు వీలగు సీసముగా ఉంచుకొనవలెను. పలక అభిమానులు ఈ మాటను తరచుగా మరచుచున్నారు.

ఒకే పొడవు పట్టీ తెగదు, జారదు, నిజమే. కాని అలల నడుమ చిన్న పడవ ప్రక్కన పరికరమును విప్పి పైకి అందించవలసినపుడు, మీటలు గల జాకెట్టు సులువుగా వచ్చును. ఒకే పట్టీనుండి భుజము తీయుట నేర్వవలసిన విద్య. ఉపరితలమున రెక్కను నిండుగా ఊదినచో అది వీపునుండి త్రోసి ముఖమును ముందునకు వంచును. బావిలో బెండు కట్టిన పిల్లవాడు ఎరిగిన సంగతియే ఇది. తగినంత మాత్రమే ఊది, వెనుకకు వాలుటయే ఉపాయము. స్పృహ తప్పినవాని ముఖమును ఇది పైకి త్రిప్పునని ఆశింపరాదు; ఇది ప్రాణరక్షక కవచము కాదు. కాళ్లు స్వభావముగనే పైకి తేలువారికి ఛాతీపై బరువు మేలు చేయదు. తల మరింత క్రిందికి వంగును.

కాగా జాకెట్టు ధరించువాడు నేర్పు లేనివాడని గాని, పలక ధరించినంత మాత్రమున నేర్పు వచ్చునని గాని అనుట శాస్త్రము కాదు. పలక నేర్పునకు అడ్డు తగ్గించును, నేర్పును ఇయ్యదు. విహారము చివర, సిలిండరులో 35 బార్ల గాలి మిగిలినపుడు, 5 మీటర్ల లోతున, రెక్క ఖాళీగా నుండగా డైవరు లేవక, మునుగక నిలువగలిగినచో అతని బరువు సరియైనది. ఏ పరికరము ధరించినను ఈ పరీక్ష తప్పదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చూపవచ్చును. మూతబిగించిన చిన్న సన్నని సీసాకు రబ్బరుపట్టీతో కొన్ని నాణెములను ఒక కొన వద్ద కట్టి తొట్టిలో వదలినచో అది నిలువుగా నిలుచును. నాణెములను నడిమికి జరిపినచో అడ్డముగా తేలును. బరువు మారలేదు, సీసా మారలేదు, మారినది స్థానమొక్కటే.

కొనువారు సాధారణముగా మొదట రెక్కను, పిదప పలకను కొని, దుస్తులను సిలిండరును చివర ఆలోచించుచున్నారు. లెక్క దీనికి వ్యతిరేకదిశలో నడచును. ఏ సముద్రము, దానికి ఏ దుస్తులు, అచట ఏ సిలిండరు దొరకును, ఆ రెంటికి సరిపడు పలక ఏది, చివరకు ఆ మొత్తమును లేపుటకు చాలిన అతిచిన్న రెక్క ఏది — ఇది క్రమము. ఈ క్రమమును పాటించువానికి వెన్నుపలక మంచి సాధనము. పాటించనివానికి అది వీపునకు బిగించుకొనిన ఇనుపముక్క మాత్రమే.