నహూము బండి నంబరు

ఆదివారం పాతకార్ల ప్రదర్శనకు వెళ్లానంటే ఈ కాలమ్ చదివేవాళ్లెవరూ ఆశ్చర్యపోరు. అంబాసిడర్ ఊసు ఇక ఎత్తనని సంక్రాంతికి మాటిచ్చాను గనక ఆ వరసవైపు చూడకుండానే నడిచానని మాత్రం మనవి. బయటికొస్తుంటే గేటు దగ్గర ఓ కుర్రాడు చేతిలో కరపత్రం పెట్టి, "చదవండంకుల్, రాకడ దగ్గరపడింది" అన్నాడు.

ఒకవైపు ఫోర్డ్ మోడల్ టీ బొమ్మ, కింద బైబిల్లోని నహూము ప్రవక్త గ్రంథం రెండో అధ్యాయం. వీధుల్లో దివిటీల్లా వెలుగుతూ, మెరుపుల్లా దూసుకుపోతూ ఒకదాన్నొకటి రాసుకునే రథాలంటే మోటారుకార్లేనట. రెండోవైపు డ్రోను బొమ్మ, కింద ప్రకటన గ్రంథం తొమ్మిదో అధ్యాయం. అగాధంలోంచి పొగతో పాటు లేచిన తేలుతోకల మిడతలు ఇవేనట.

నాకు చిర్రెత్తింది. భక్తి మీద కాదు, బండి మీద. మోడల్ టీ ఇంజను 20 హార్స్‌పవర్. ఎంత తొక్కినా గంటకు 70 కిలోమీటర్లు దాటడం కష్టం. తొక్కడమని అలవాటు కొద్దీ అంటాం గానీ దాని యాక్సిలరేటరు కాలికింద ఉండనే ఉండదు, స్టీరింగు పక్కన మీటలా ఉంటుంది. అదా మెరుపు? దివిటీల మాట మాత్రం కొంత నయం. 1915కు ముందు ఆ బండి ముందుదీపాలు కరెంటువి కావు. కార్బైడు మీద నీళ్లు పడితే పుట్టే ఎసిటిలీన్ గ్యాసును అగ్గిపుల్లతో అంటించాలి. కరపత్రం రాసినాయనకు ఈ సంగతి తెలిసుంటే ఇంకో పేజీ వేసేవాడు.

నహూముకు ఈ వాహనయోగం కొత్తగా పట్టింది కాదు. 1891లో అమెరికాలో బోధకుడు ఛార్లెస్ టేజ్ రసెల్ రాసిన పుస్తకంలో ఇదే రథం రైలుబండి. రోడ్ల మీదికి మోటార్లు రాగానే బోధకులు రైలు దిగి కారెక్కారు. ఇప్పుడా కారు కూడా ముసలిదై, మెడలో నంబరు బిళ్లతో బహుమతి కోసం వరసలో నిలబడింది. మనమేం తక్కువ తినలేదు. ఎడ్లు లేని బండ్లు వస్తాయని బ్రహ్మంగారు కాలజ్ఞానంలో చెప్పారని మా ఊరి అరుగుల మీద బస్సు వచ్చినప్పుడొకసారి, ట్రాక్టరు వచ్చినప్పుడొకసారి రుజువు చేశారు. జోస్యం ముందే విప్పి మురిసిపోవడానికి కాదు, జరిగాక పోల్చుకోవడానికి అన్నది ఐజాక్ న్యూటన్ అభిప్రాయం. దానియేలు, ప్రకటన గ్రంథాల మీద ఆయన రాసింది ఆయన పోయాక 1733లో అచ్చయింది. ఆపిల్ పండు కథ చెప్పే మాస్టార్లు ఈ పుస్తకం సంగతి చెప్పరు. ఇది నా పాత ఫిర్యాదే.

మా మేస్త్రీ ఏ పాతబండి తెచ్చినా ముందు కాగితాలు అడుగుతాడు. ఇంజన్ నంబరు, ఛాసిస్ నంబరు కలిస్తేనే చెయ్యి వేస్తాడు. నహూము ఛాసిస్ మీద కొట్టిన నంబరు నీనెవె. నేటి ఇరాక్‌లో మోసుల్‌కు ఎదురుగా, టైగ్రిస్ ఒడ్డున ఉండేది. అష్షూరు సామ్రాజ్యపు రాజధాని. క్రీ.పూ. 612లో బాబిలోనియన్లు, మాదీయులు కలిసి కూల్చారు. దాని వీధుల్లో దొర్లినవి షికారు బళ్లు కావు, యుద్ధరథాలు. అష్షూరు చివరి రోజుల్లో ఒక్కో రథానికి నాలుగు గుర్రాలు కట్టి, నలుగురు మనుషులు ఎక్కేవారు.

మిడతల సంగతికొస్తే, అమెరికా బోధకుడు హాల్ లిండ్సేను తలచుకోక తప్పదు. 1970లో వచ్చిన ఆయన 'ది లేట్ గ్రేట్ ప్లానెట్ ఎర్త్' ఆ దశాబ్దంలో అమెరికాను ఊపేసింది. 1979లో ఆర్సన్ వెల్స్ గొంతుతో సినిమా కూడా అయింది. తర్వాతి పుస్తకం ఒకదానిలో, వియత్నాంలో పోరాడి వచ్చిన మిత్రుడొకడు ఈ మిడతలను చదివి కోబ్రా హెలికాప్టర్లుగా గుర్తుపట్టాడని రాశాడు. కోబ్రా బెల్ కంపెనీ తయారీ.

ఇక్కడ నా బుర్ర 2020లోకి పోయింది. ఆ ఎండాకాలం ఎడారి మిడతల దండు రాజస్థాన్ దాటి మహారాష్ట్ర దాకా వచ్చింది, మన తెలంగాణ సరిహద్దు జిల్లాల్ని అప్రమత్తం చేశారు. అసలే కరోనా. ఫోన్ చేసిన ప్రతి బంధువూ ప్రకటన గ్రంథమో కాలజ్ఞానమో ఎత్తేవాడు. ఆ మిడతల మీద మందు చల్లడానికి ప్రభుత్వం డ్రోన్లను దింపింది, వాటితో పాటు ఒక హెలికాప్టర్నీ రాజస్థాన్‌కు పంపింది. అది బెల్ 206. లిండ్సే లెక్కన మిడతలే వచ్చి మిడతల్ని చంపాయన్నమాట! ఇంకో చిన్నమాట. ప్రకటన గ్రంథంలో మిడతలు బాధించేది అయిదు నెలలు. ఎడారి మిడత ఆయుర్దాయం మూడు నుంచి అయిదు నెలలు. ఆ గ్రంథం రాసిన యోహాను మిడతల్ని బాగా చూసినవాడే.

ఇంతవరకు రాసి, కరపత్రాన్ని చెత్తబుట్టలో వెయ్యాల్సింది. అడ్డుపడింది యోహానే. ఆయన మిడతలకు ఇనుప కవచాలున్నాయి. రెక్కల చప్పుడు యుద్ధానికి ఉరికే రథాల మోతలా ఉంటుంది. అదే అధ్యాయంలో యూఫ్రటీసు అవతలి నుంచి వచ్చే గుర్రాలకు నోట్లోనూ తోకలోనూ బలం. వెనక్కి తిరిగి బాణాలేసే పార్తీయుల గుర్రపుదళం రోముకు పీడకల అని, ఆ గుర్రాలు వాళ్లవేనని చాలామంది వ్యాఖ్యాతల మాట. అంటే తన కాలపు ఆయుధాల్ని దర్శనంలోకి లాక్కొచ్చే పని మొదట చేసింది యోహానే.

ఇప్పటికీ అదే తీరు. ఉక్రెయిన్‌లో తమ మీద పడే షాహెద్ డ్రోన్లను జనం మోపెడ్ అంటారు. దాని ఇంజను నాలుగు సిలిండర్ల టూస్ట్రోక్. రాత్రిపూట నెత్తిమీద మన టీవీఎస్ ఫిఫ్టీ లాంటిది తిరుగుతున్నట్టుంటుంది, ఆ తర్వాత ఏ ఇల్లు కూలుతుందో తెలియదు. ఆకాశంలోంచి వచ్చే చావును తమ వీధిలో తిరిగే బండి చప్పుడుతో గుర్తుపడుతున్నారు వాళ్లు. రెక్కల మోతలో రథం విన్న యోహాను చేసిందీ ఇదే. ఆయుధానికీ బండికీ చుట్టరికం కలపడం బోధకుల తిక్క అనుకున్నాను గానీ, అది బాంబుల కింద బతికేవాళ్ల భాష.

అలా చూస్తే లిండ్సే దగ్గర తేడా వచ్చింది హెలికాప్టరు పేరు రాసినందుకు కాదు. నహూము అష్షూరు కింద నలిగిన వాళ్లలో ఒకడు. యోహాను రోము కింద ఉన్న చిన్న సంఘాలకు రాశాడు. లిండ్సే మిత్రుడు కోబ్రాలను చూసింది అవి తన పక్షాన ఎగిరినప్పుడు. వాటి కింద పరుగెత్తిన పల్లెవాళ్లను అడిగి ఉంటే తొమ్మిదో అధ్యాయానికి ఇంతకంటే మంచి వ్యాఖ్యానమే దొరికేది, ఏ కంపెనీ పేరూ అక్కర్లేకుండా.