పసిబిడ్డ ఒంట్లో పొగ జాడ

అశ్వారావుపేట పొలిమేర దాటితే ఆంధ్రా. ఒడిశా సరిహద్దు ఏజెన్సీ నుంచి వచ్చే గంజాయి ఈ దారుల్లో పట్టుబడిందన్న వార్త ఇక్కడ ఎవరికీ కొత్త కాదు. ఆ వార్తల్లో లెక్కంతా కిలోల్లోనే. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కూడా గంజాయి 20 కిలోలు దాటితేనే వాణిజ్య పరిమాణం అంటుంది. ఇక్కడ పరిచయం చేస్తున్న పరిశోధన తూకం వేరు. అది మిల్లీలీటరు మూత్రంలో 0.03 నానోగ్రాములంత తక్కువ గంజాయి జాడను కూడా పట్టుకుంది. నానోగ్రామంటే గ్రాములో వందకోట్లవ వంతు.

అమెరికాలోని కొలరాడోలో బ్రాంకియోలైటిస్‌తో, అంటే పిల్లికూతలు, ఎగశ్వాసతో ఆసుపత్రిలో చేరిన రెండేళ్ల లోపు పిల్లల్లో 43 మంది మూత్రాన్ని కారెన్ విల్సన్ బృందం పరీక్షించింది. ఫలితాలు 2017లో 'పీడియాట్రిక్ రీసెర్చ్' పత్రికలో వచ్చాయి. 16 శాతం మందిలో గంజాయి జాడ దొరికింది.

అసలు పనితనం దేన్ని వెతకాలో తేల్చుకోవడంలో ఉంది. జుట్టు పరీక్ష సులువే గాని నమ్మడానికి లేదు. గంజాయి తాగినవాళ్లు చేత్తో బిడ్డ తల నిమిరినా జుట్టుకు ఆ జాడ అంటుతుందని 2015లో జర్మనీ పరిశోధకులు చూపించారు. అందుకే మూత్రం. అందులోనూ మత్తునిచ్చే టీహెచ్‌సీని కాదు, దాన్ని కాలేయం మార్చాక మిగిలే కార్బాక్సీ-టీహెచ్‌సీని వెతికారు. అది మూత్రంలో కనిపించిందంటే గంజాయి బిడ్డ పైపైన అంటి ఊరుకోలేదు, నెత్తురులో కలిసిందన్నమాట.

అదే మూత్రంలో పొగాకు జాడ అయిన కొటినిన్‌నూ కొలిచారు. సగానికి పైగా పిల్లల్లో అది గట్టిగానే తేలింది. బీడీకి తునికాకు కోసే మన మన్యానికి ఈ లెక్క మరీ దగ్గరిది.

ఇంకో మెచ్చదగ్గ గుణం నిగ్రహం. గంజాయి పొగే ఈ జబ్బు తెచ్చిందని 43 మందిని చూసి తేల్చలేం. పరిశోధకులు ఆ మాట అననూ లేదు. పొగ బిడ్డ ఒంట్లోకి చేరుతోందని మాత్రం రుజువు చేశారు.

జాగ్రత్తపడటానికి ఆ రుజువు చాలు. నెలల బిడ్డ నిమిషానికి 30 నుంచి 60 సార్లు ఊపిరి తీస్తుంది. పొగ నిండిన గదిలోంచి తనంతట తాను లేచి బయటికి పోలేదు. చంటిబిడ్డ ఉన్న ఇంట్లో గంజాయైనా, బీడీ అయినా ముట్టించకండి. మానాలనుకుని మానలేకపోతున్నవాళ్లు వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446కు ఫోన్ చేయండి. ఆ కాల్ ఉచితం.