రాకెట్టెక్కిన తోటరాముడు

రాకెట్టు కనిపిస్తే సైన్స్ ఫిక్షన్, కత్తి కనిపిస్తే జానపదం అని పోస్టరు చూసే తేల్చేస్తుంటాం. అంతరిక్ష సాహస సినిమాల దగ్గరికొచ్చేసరికి ఈ పద్ధతి పనికిరాదు. కదిరి పక్కన గాండ్లపెంటలో కూర్చుని ఈ తగువు తీర్చడమేమిటని నవ్వేవాళ్లకు ఒక మాట. తెలుగు జానపద సినిమాకు నిలువెత్తు రూపమిచ్చిన కె.వి.రెడ్డి పూర్తి పేరు కదిరి వెంకటరెడ్డి. పుట్టింది తాడిపత్రిలో. ఆయన దగ్గర పని నేర్చుకున్న సింగీతం శ్రీనివాసరావు, తర్వాత మన తెరమీదికి కాలయంత్రాన్ని తెచ్చాడు. అందులో ఎక్కి విజయనగరానికి పోయిన బాలకృష్ణ ఇవాళ హిందూపురం ఎమ్మెల్యే. కాబట్టి కొలబద్దల కోసం మేం హాలీవుడ్ దాకా పోనక్కరలేదు.

సరుకు మాత్రం అక్కడిది ఒకటి, ఇక్కడిది ఒకటి తీసుకుందాం. 1977లో జార్జ్ లూకస్ తీసిన స్టార్ వార్స్. 2018 డిసెంబరులో సంకల్ప్ రెడ్డి దర్శకత్వంలో, వరుణ్ తేజ్ హీరోగా వచ్చిన అంతరిక్షం 9000 కెఎంపిహెచ్. రెండింటిలోనూ నౌకలున్నాయి, చుక్కలున్నాయి, ప్రాణాపాయాలున్నాయి. దుకాణంలో రెండింటినీ ఒకే అరలో పెడతారు. నన్నడిగితే వీటి మధ్య చుట్టరికం లేదు.

స్టార్ వార్స్ పక్కన నిలబడాల్సింది 1951 నాటి పాతాళభైరవి. ఒకదాంట్లో తోటమాలి కొడుకు రాముడు, ఇంకోదాంట్లో పొలం పనులు చేసుకునే ల్యూక్. ఇటు ఉజ్జయిని రాకుమారి, అటు చెరలో ఉన్న రాకుమారి లేయా. నేపాళ మాంత్రికుడుగా ఎస్వీ రంగారావు గడ్డం నిమురుకుంటుంటే ఎంత హడలో, నల్లటి శిరస్త్రాణంలోంచి డార్త్ వేడర్ ఊపిరి వినిపిస్తే అంత హడలు. ఇక్కడ కోరిందిచ్చే ప్రతిమ, అక్కడ సాధన చేసినవాడికి వశమయ్యే ఫోర్స్. లూకస్ తాను అప్పుపడ్డానని చెప్పుకున్నది కురొసావా సినిమా హిడెన్ ఫోర్ట్రెస్‌కు. మన తోటరాముడి ఊసు ఆయనకు తెలిసే అవకాశం తక్కువ. అయినా ఇద్దరూ ఒకే చెట్టు కొమ్మలు పట్టుకున్నారు. పైగా స్టార్ వార్స్ మొదలవ్వడమే ఏనాటి సంగతో, ఏ లోకం సంగతో అన్నట్టు మొదలవుతుంది. అవ్వ చెప్పే కథల్లాగే తేదీ లేదు, ఊరికి ఆనవాలు లేదు.

పోలికలు ఏరడం తేలికే. అసలు పరీక్ష వేరే ఉంది. ఒక సినిమాలో ఏ రకం తప్పు పడితే దానికి నొప్పి పుడుతుందో చూడాలి. స్టార్ వార్స్‌లో హాన్ సోలో తన నౌక వేగం గురించి గొప్పలు పోతూ పార్సెక్కుల లెక్క చెబుతాడు. పార్సెక్ అంటే కాలం కాదు, దూరం, దాదాపు 3.26 కాంతి సంవత్సరాలు. ఆ తప్పు దొరికి ఏళ్లు గడిచినా సినిమాకు చీమ కుట్టినట్టయినా లేదు. పేలుళ్ల శబ్దం శూన్యంలో ఎలా వినిపించిందంటే కూడా అంతే. అదే పాతాళభైరవిని చూడండి. ప్రతిమ ఎవరి చేతిలో ఉంటే వాళ్ల మాట వింటుంది, మంచీ చెడూ ఎంచదు. దాన్ని ఎత్తుకుపోయి మాంత్రికుడి చేతికిచ్చిన మరుక్షణం రాముడి మేడా మాయం, పెళ్లికూతురూ మాయం. మాంత్రికుడు దుర్మార్గుడు కదా అని ప్రతిమ మొరాయించి ఉంటే సినిమా అక్కడే కుప్పకూలేది. జానపదానికీ కట్టుబాటుంది. అది భౌతికశాస్త్రానికి కాదు, తాను ఒప్పుకున్న షరతుకు కట్టుబడి ఉంటుంది.

ఇప్పుడు అంతరిక్షం సంగతి. మిహిర అనే ఉపగ్రహంతో సంబంధాలు తెగిపోతాయి. అది మరో ఉపగ్రహాన్ని ఢీకొంటే భూమ్మీద సమాచార వ్యవస్థ మొత్తం పడిపోతుంది. దాన్ని సరిచేయగలిగినవాడు దేవ్ ఒక్కడే. ఇక్కడ సినిమా తనంతట తానే లెక్కల బోనులోకి వచ్చి నిలబడింది. పేరులోనే ఒక అంకె పెట్టుకుంది మరి! భూమికి సుమారు 400 కి.మీ. ఎత్తున తిరిగే అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం వేగం గంటకు దాదాపు 28,000 కి.మీ. టీవీ ప్రసారాలకు వాడే ఉపగ్రహాలు 36,000 కి.మీ. ఎత్తున తిరుగుతూ కూడా గంటకు 11,000 కి.మీ. పోతాయి. గుండ్రటి కక్ష్యలో 9,000 అంటే అంతకన్నా చాలా పైకి పోవాలి. పాతాళభైరవిని ఈ ప్రశ్న ఎవరడుగుతారు? అంతరిక్షాన్ని అడగవచ్చు. అడిగితే దానికి తగులుతుంది కూడా. అందుకే అది సైన్స్ ఫిక్షన్. తప్పు లెక్క వేసినవాడైనా లెక్క వేసినవాడే. గ్రావిటీ సినిమాలో హబుల్ దగ్గర్నుంచి అంతరిక్ష కేంద్రానికి వీపుకు కట్టుకున్న జెట్‌తో పోవడం కూడా అసాధ్యమే, ఆ రెండింటి కక్ష్యల వాలు వేర్వేరు. అంతమాత్రాన దాన్ని మాయలఫకీరు కథల్లో కలిపేయం.

జాతి నిర్ణయం అయింది. గుణం మాటేమిటి? అంతరిక్షం రెండో సగంలో దేవ్ తనకు అప్పజెప్పిన పని దాటి, తన పాత ఉపగ్రహం విప్రయాన్ కోసం చంద్రుడి వైపు మళ్లుతాడు. కదిరి నుంచి పుట్టపర్తికి బయల్దేరినవాడు గాండ్లపెంటకొచ్చి చుట్టాలను పలకరించిపోయినంత తేలిగ్గా. చంద్రయాన్-3 2023 జూలై 14న శ్రీహరికోటలో లేచి, ఇంధనం పొదుపు చేసుకుంటూ భూమి చుట్టూ కక్ష్య పెంచుకుంటూ పెంచుకుంటూ పోయి, ఆగస్టు 23న గానీ చంద్రుడి మీద కాలు మోపలేదు. నలభై రోజులు! మిగిలిన ఇంధనమెంత, తిరిగి రావడానికి ఎంత కావాలి అన్న బేరం సినిమాలో గుండె దడ పుట్టించాల్సింది. దాని బదులు హీరో పట్టుదల, చనిపోయిన ప్రియురాలి జ్ఞాపకం ఇంధనమయ్యాయి. బోనులో నిలబడి లెక్క చెప్పాల్సిన చోట సినిమా వరం అడిగింది. వరాల మీద బతికే సినిమాను వరం అడిగిందని తప్పు పట్టను, ఇది మాత్రం ఆ హక్కు ముందే వదులుకుంది.

1991 నాటి ఆదిత్య 369 దీనికి తిరగేసిన బొమ్మ. కాలయంత్రం రాకెట్టుకన్నా ఎన్నో రెట్లు అసాధ్యం. హెచ్.జి.వెల్స్ 1895లో ఊహించాడు, ఇప్పటికీ ఎవరూ చేయలేదు. కానీ సింగీతం ఆ ఒక్క అబద్ధం అడిగి తీసుకున్నాక, మిగతాదంతా అణా పైసలతో అప్పజెప్పాడు. యంత్రం దిగింది ఎప్పుడో ఒకప్పటి రాజుగారి కాలంలో కాదు, 1526లో. కృష్ణదేవరాయలు ఏలింది 1509 నుంచి 1529 దాకా, కనుక సరిపోయింది. పెనుకొండ గగన్ మహల్ గోడలు చూసి పెరిగినవాడు ఆ తేదీని తడిమి చూసుకోగలడు. మ్యూజియంలో దొంగలు కన్నేసిన వజ్రం రాయల కాలానిదే. అక్కణ్నుంచి 2504కు పోతే యుద్ధం మిగిల్చిన రేడియేషన్‌కు జడిసి జనం భూమి లోపల కాపురాలుంటారు. అలవాట్లు, ఆశలు కాలంతో ఎలా మారతాయన్న కుతూహలమే ఆ సినిమాను నడిపించింది. మూడేళ్ల తర్వాత అదే దర్శకుడు అదే హీరోతో భైరవద్వీపం తీసి, అక్కడ మంత్రాన్ని మంత్రంగానే ఉంచాడు. రెండు పడవల్లో కాళ్లు పెట్టకుండా రెండు పడవలూ నడిపినవాడు నాకు తెలిసి ఆయనొక్కడే.

కల్కి 2898 ఏడీ గురించి ఎక్కువ చెప్పను. అశ్వత్థామ అన్ని వేల ఏళ్లు బతికింది జన్యువుల వల్ల కాదు, కృష్ణుడి శాపం వల్ల. అది మంచి చక్రాలున్న పౌరాణికం. దానికి సైన్స్ ముద్ర వేయించుకోవాలన్న ఆరాటం మాత్రం ప్రమాదకరం. 1999లో లూకస్ ఆ ఆరాటంలోనే పడ్డాడు. ఫోర్స్ అన్నది రక్తంలోని సూక్ష్మజీవుల లెక్క అని చెప్పబోయి, తన సినిమాను కొలిచిన అభిమానులతోనే తిట్లు తిన్నాడు. మాయాబజార్‌లో ప్రియదర్శిని పెట్టె తెరిస్తే శశిరేఖకు అభిమన్యుడు కనిపించాడు. కరెంటు ఎక్కణ్నుంచి వచ్చిందో కె.వి.రెడ్డి చెప్పాడా?

స్టార్ వార్స్ చివరి ఘట్టంలో ల్యూక్ గురి చూసే కంప్యూటర్‌ను ఆపేసి, ఫోర్స్‌ను నమ్మి బాంబు వదులుతాడు. గెలుస్తాడు. జానపదంలో అలాగే జరగాలి. రెండేళ్ల తర్వాత, 1979 ఆగస్టు 10న, శ్రీహరికోటలో ఎస్‌ఎల్‌వి-3 మొదటి ప్రయోగానికి అబ్దుల్ కలాం మిషన్ డైరెక్టరు. కంప్యూటర్ ఆగమంది. నిపుణులు ఫరవాలేదన్నారు. కలాం దాని మాట పక్కనబెట్టి రాకెట్టును వదిలాడు. మొదటి దశ బాగానే పనిచేసింది, రెండో దశ అదుపు తప్పింది, రాకెట్టు బంగాళాఖాతంలో పడింది. కారణం వెతికితే ఒక వాల్వు. ఇస్రో అధిపతి సతీశ్ ధవన్ విలేకరుల ముందు నిందంతా తన మీద వేసుకున్నాడు. 1980 జూలై 18న మళ్లీ ఎగరేసి రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. ఈ రెండు తేదీల మధ్య ఉన్న పదకొండు నెలల్లో దెయ్యం లేదు, విలన్ లేడు. ఒక వాల్వు ఉంది, దాని వెంటపడిన మనుషులున్నారు. సంకల్ప్ రెడ్డి మరోసారి అంతరిక్షం వైపు చూస్తే, చంద్రుడి దాకా పోకుండా ఇది తీయాలని నా కోరిక.