‘కనిపెట్టారు’ అనే క్రియ: యల్లాప్రగడ సుబ్బారావు జీవితకథనాలపై ఒక పరిశీలన

యల్లాప్రగడ సుబ్బారావు (1895–1948) గురించి తెలుగులో వ్యాసాలుగా, ప్రసంగాలుగా వెలువడిన జీవితచిత్రణలు చాలావరకు ఒకే మూసలో సాగుతాయి. భీమవరంలో జననం, పేదరికం, ఖద్దరు ధరించినందుకు మద్రాసు వైద్యకళాశాలలో ఎం.బి.బి.ఎస్.కు బదులు ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి రావడం, బోస్టన్ ఆసుపత్రిలో చిన్న ఉద్యోగం, హార్వర్డులో శాశ్వతస్థానం దక్కకపోవడం, లెడర్లీ ప్రయోగశాలల్లో విజయపరంపర, అందని నోబెల్, అకాలమరణం. వీటి మధ్య విస్తరించవలసిన పరిశోధన మాత్రం ఒక్క క్రియాపదంలో ముగిసిపోతుంది. ఏ.టి.పి.ని కనిపెట్టారు, ఫోలిక్ ఆమ్లాన్ని కనిపెట్టారు, కేన్సరు మందును కనిపెట్టారు, ఆరియోమైసిన్‌ను కనిపెట్టారు. ఇన్నిచోట్ల ఒకే క్రియ వాడడం వల్ల భిన్నమైన పనులు ఒకటైపోయాయనీ, అందువల్ల సుబ్బారావు గొప్పతనం పెరగకపోగా అస్పష్టమైందనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

మొదట ఆయన నిస్సందేహంగా చేసిన పనిని చూద్దాం. 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ప్రకటించిన ఫిస్కే–సుబ్బారావు పద్ధతి రక్తంలో, మూత్రంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి. భాస్వరం మాలిబ్డేటుతో కలిసినపుడు ఏర్పడే పదార్థాన్ని క్షయకరణం చేస్తే నీలిరంగు వస్తుంది. ఆ నీలం గాఢతే భాస్వరం పరిమాణానికి కొలమానం. ప్రపంచమంతటా జీవరసాయన ప్రయోగశాలలు దశాబ్దాలపాటు దీనిని వాడుకున్నాయి. మన కథనాల్లో దీనికి దక్కేది మహా అయితే ఒక వాక్యం. కొలత మన దృష్టిలో కథావస్తువు కాదు కాబోలు. కానీ ఆ కొలతే లేకపోతే 1927 నాటి ఫాస్ఫోక్రియాటిన్ పరిశోధన లేదు, 1929 నాటి ఏ.టి.పి. లేదు. పైగా ఏ.టి.పి.ని అదే సంవత్సరం జర్మనీలో కార్ల్ లోమన్ స్వతంత్రంగా గుర్తించారు. లోమన్ పేరు చెబితే మన నాయకుడి కీర్తి తరుగుతుందన్న భయం తెలుగు రచయితకు ఎందుకుండాలో తెలియదు.

ఫోలిక్ ఆమ్లం విషయంలో చిక్కు ఇంకా ఎక్కువ. 1931లో లూసీ విల్స్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనతను పరిశీలిస్తూ, ఈస్టు సారంతో అది నయమవుతుందని చూపారు. 1941లో మిచెల్, స్నెల్, విలియమ్స్ పాలకూర నుంచి ఒక పదార్థాన్ని రాబట్టి దానికి ఫోలిక్ ఆమ్లమని పేరు పెట్టారు. దాని నిర్మాణాన్ని తేల్చి, 1945లో కృత్రిమంగా తయారుచేసింది లెడర్లీ బృందం. ఆ బృందం ప్రకటించిన పత్రంలో మొదటి పేరు రాబర్ట్ ఆంజియర్‌ది. సుబ్బారావు పేరు అనేకుల నడుమ ఒకటి. పరిశోధన సంచాలకుడిగా ఆయన పని దారి నిర్ణయించడం, మనుషులను కూర్చడం, వైఫల్యాలను భరించడం. ఆరియోమైసిన్ కూడా అంతే: ఆ సూక్ష్మజీవిని మట్టి నుంచి గుర్తించినవారు ఆయన సంస్థలోనే పనిచేసిన వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డగ్గర్. ఈ రకం నాయకత్వానికి తెలుగులో మాట లేదని కాదు. ‘చేయించారు’ అనే ప్రేరణార్థక రూపం మనకుంది. గుళ్లను, చెరువులను ప్రస్తావించేటప్పుడు వెనుకాడకుండా వాడే ఆ రూపాన్ని ప్రయోగశాల దగ్గర చిన్నతనంగా భావిస్తున్నాం.

అసలు ప్రశ్న ‘కేన్సరు మందు’ దగ్గర తలెత్తుతుంది. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ ల్యుకేమియా సోకిన పిల్లలకు మొదట ఇచ్చినవి లెడర్లీ పంపిన ఫోలిక్ ఆమ్ల సంయోగాలు. వాటివల్ల ఎముకల మూలుగలో వ్యాధికణాలు మరింత వేగం పుంజుకుంటున్నట్లు ఆయన గమనించారు. పోషకం వ్యాధికి మేతవుతున్నదంటే, ఆ పోషకాన్ని అడ్డుకునే పదార్థం వ్యాధిని మాడ్చవచ్చునన్న ఆలోచనకు ఇది బలమిచ్చింది. అలాంటి ఫోలిక్ ఆమ్ల విరోధులను సుబ్బారావు బృందం తయారుచేసి పంపింది. వాటిలో ఒకటి అమినోప్టెరిన్. 1948 జూన్‌లో ఫార్బర్ బృందం ప్రకటించిన పత్రం ప్రకారం 16 మంది పిల్లల్లో 10 మందికి మేలు కనిపించింది. అయితే ఆ పత్రం శీర్షికలోని మొదటి మాటకు అర్థం ‘తాత్కాలిక’. వ్యాధి తిరగబెట్టేది. నోటిలో పుళ్లు లేచేవి, మందే విషమయ్యేది. తెలుగు కథనం ‘తాత్కాలిక’ అన్న మాటను వదిలేసి ‘మందు’ అన్న మాటను మిగుల్చుకుంది. మాటతోపాటు ఆ పదహారుమంది పిల్లలను కూడా వదిలేసింది. సూదులు గుచ్చించుకున్న ఆ శరీరాలు లేకుండా ప్రయోగశాలలోని ఏ సీసాకూ మందు అన్న పేరు రాదు.

ఇక్కడ తెలుగు క్రియకే ఉన్న రెండో అర్థాన్ని గుర్తుచేయాలి. జబ్బుమనిషిని కనిపెట్టుకొని ఉండమంటాం: కన్ను తిప్పకుండా చూసుకోవడం, మార్పు కోసం కాచుకొని ఉండడం. ఫార్బర్ ఆసుపత్రిలో రోజురోజూ పిల్లల రక్తకణాలను లెక్కించినవారు చేసింది ఈ అర్థంలో కనిపెట్టడమే. మన జీవితచరిత్రకారులు మొదటి అర్థాన్ని పట్టుకొని రెండోదాన్ని విడిచిపెట్టారు.

మరో కథాసూత్రం స్ప్రూ వ్యాధి. అన్నదమ్ములిద్దరు ఆ వ్యాధితో కొద్దిరోజుల తేడాలో మరణించడం, తర్వాత ఆయన పర్యవేక్షణలో తయారైన ఫోలిక్ ఆమ్లమే స్ప్రూకు చికిత్సగా పనికిరావడం వాస్తవాలు. వాటిని ప్రతిజ్ఞ, ప్రతిజ్ఞానిర్వహణగా ముడివేయడం మన పురాణకథన సంప్రదాయం చేసిన పని. చదవడానికి అందంగా ఉంటుంది. కానీ ఇరవయ్యేళ్ల పైచిలుకు కాలంలో ఆయన పట్టుకొని వదిలేసిన దారులకు ఈ నమూనాలో చోటుండదు. ఇంగ్లీషులో యస్.పి.కె. గుప్తా 1987లో వెలువరించిన జీవితచరిత్ర ఉపశీర్షికలోనే విజయాలతోపాటు వైఫల్యాలనూ పేర్కొంది. ఆ పుస్తకాన్ని ఆధారం చేసుకున్న తెలుగు వ్యాసాలు కూడా ఆ రెండో మాటను తెచ్చుకున్నట్లు కనబడదు.

సుబ్బారావుకు అన్యాయం జరగలేదని ఈ వ్యాసకర్త అభిప్రాయం కాదు. జరిగింది. కానీ ఆ అన్యాయాన్ని నోబెల్ బహుమతితో మాత్రమే కొలవడం వల్ల ఆయన పనికి ఉన్న ఇతర కొలతలు మరుగున పడ్డాయి. లెడర్లీలో రూపొందిన హెట్రజాన్‌ను, అంటే డి.ఇ.సి. మాత్రను, గోదావరి జిల్లాల్లో బోదకాలు నివారణకు ఇంటింటికీ తిరిగి మింగించారు. అమినోప్టెరిన్‌కు వారసురాలైన మెథోట్రెక్సేట్‌ను ఇవాళ కీళ్లవాతం నొప్పితో బాధపడేవారు వారానికి ఒక్కరోజు వేసుకుంటున్నారు. దాని దుష్ఫలితాలు తగ్గడానికి వైద్యులు వేరే రోజున వేసుకోమని రాసే మాత్ర ఫోలిక్ ఆమ్లం. విరోధీ, అది విరోధించే పదార్థమూ ఒకే చీటీలో, ఒకే మందుల దుకాణం నుంచి, ఒకే ఇంటికి చేరుతున్నాయి.